క్యాన్‌లో పోసిన బోరు నీళ్లు

ఆరేళ్ల కిందట నేను చేసిన పనికి ఇంకొకామె శిక్ష అనుభవించింది. ఇంకా అనుభవిస్తూనే ఉంది. ఈ సంగతి మా అన్నకు తెలియదు. నాతో పనిచేసేవాళ్లకు ఈ పొద్దుటిదాకా తెలియదు. ఇంట్లో దేవుడి పటం ముందు నిలబడ్డప్పుడు కూడా పూర్తి మాటల్లో ఎప్పుడూ అనలేదు. "తప్పయింది స్వామీ" అని మాత్రం అనేదాన్ని. ఏ తప్పో ఆయనకు తెలుసు కదా అని సరిపెట్టుకునేదాన్ని. మీకు నేనెవరో తెలియదు, అందుకే మీకు చెప్పడం కొంచెం తేలిక. తేలిక అని రాశాను గానీ, ఈ నాలుగు వాక్యాల కోసం ఇప్పటికే మూడు కాగితాలు చింపాను.

ఎక్కడ మొదలుపెట్టాలి? నాకు జరిగిన ద్రోహంతో మొదలుపెడితే మీరు నా పక్షాన నిలబడతారు. ఇన్నేళ్లూ నాకు నేను ఆ కథను అలాగే చెప్పుకున్నాను. కాబట్టి ముందు నేను చేసింది చెప్తాను. సూర్యాపేట చెరువులో తిరిగే ఒక సోలార్ బోటు బ్యాటరీలను నేను కావాలని పాడుచేశాను. ఆ నింద నాతో పనిచేసిన సువార్త మీద పడింది. నేను పక్కనే నిలబడి చూశాను.

ఇక మొదటి నుంచి.

మా అన్నకు మిర్యాలగూడలో బ్యాటరీల దుకాణం ఉంది. మిల్లులకు ధాన్యం తెచ్చే లారీల బ్యాటరీలు, ట్రాక్టర్లవి, ఇళ్లలో ఇన్వర్టర్లవి అన్నీ అక్కడికి వస్తాయి. మా ఆయన పోయాక నాలుగేళ్లు ఆ దుకాణంలో పనిచేశాను. యాసిడ్ చుక్కలు పడి చిల్లులు పడని చీర లేదు నాకు. మొదట్లో ఆడమనిషి బ్యాటరీ మూతలు తీస్తుంటే లారీ డ్రైవర్లు వింతగా చూసేవారు. తర్వాత్తర్వాత అన్న ఉన్నా నన్నే పిలిచేవారు.

ఆ రోజుల్లోనే సూర్యాపేట చెరువులో బోటింగ్ నడిపే కాంట్రాక్టరు పాత డీజిల్ బోటు తీసేసి సోలార్ బోటు తెచ్చాడు. పైకప్పంతా సోలార్ పలకలు, సీట్ల కింద ఎనిమిది పెద్ద బ్యాటరీలు. ఇరవై మంది కూర్చోవచ్చు. చప్పుడు లేదు, పొగ లేదు. బ్యాటరీల సంగతి తెలిసిన మనిషి కావాలని ఆయన అడిగితే అన్న నన్ను పంపాడు. అలా సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకున్నాను.

ఆ బోటు నడపడానికి వచ్చిన మనిషి సువార్త. మాడుగులపల్లి వాళ్లది. అంతకుముందు మిర్యాలగూడ మిల్లులో కూలి పని చేసేది. చిన్నప్పుడు మేనమామతో తెప్ప మీద తిరిగిన పిల్ల కాబట్టి నీళ్లంటే జంకు లేదు. నాకంటే పదేళ్లు చిన్నది. మొదటి రోజు నుంచే అక్కా అని పిలిచింది. నా గది పక్క గదిలోనే దిగింది.

రెండేళ్లు మేమిద్దరం ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నాం. ఆమె చేపల పులుసు తెస్తే నేను అన్నం తెచ్చేదాన్ని. ఆమె ఆదివారం పొద్దున చర్చికి వెళ్లి వచ్చేదాకా బోటు దగ్గర నేనుండేదాన్ని. నాకు ఒంట్లో బాగాలేకపోతే ఆమె టికెట్లు కూడా చూసుకునేది. బ్యాటరీల గురించి నాకు తెలిసిందంతా ఆమెకు నేర్పాను. మూత తీసి నీటి మట్టం చూడడం, టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగి వాజ్‌లైన్ పూయడం, యాసిడ్ బలం చూసే గాజు గొట్టాన్ని పట్టుకోవడం. అన్నిటికంటే ముందు ఒక్క మాట చెప్పాను. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకే నీళ్లూ పోయకూడదు. మా వైపు బోరు నీళ్ల సంగతి మీకు తెలిసే ఉంటుంది. గిన్నెలో కాచితే అడుగున తెల్లటి పొర కడుతుంది. ఆ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగాం. అవే నీళ్లు బ్యాటరీలో పోస్తే లోపలి పలకల గతీ అంతే. ఒక్కరోజులో ఏమీ కాదు. మెల్లగా చస్తుంది. పైకి బాగానే కనిపిస్తూ చస్తుంది.

ఇది నాకు ఎంత బాగా తెలుసో చూశారా? అందుకే తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

ఆమెకు ఇంకో సంగతి కూడా చెప్పాను. నాకు నీళ్లంటే భయం. తొమ్మిదేళ్లప్పుడు సాగర్ కాలువలో జారిపడ్డాను. ఎవరో జుట్టు పట్టి లాగారు. ఆ రోజు మింగిన నీళ్ల రుచి ఇప్పటికీ గుర్తుంది. బోటు మీద పనిచేస్తూ ఈ మాట ఎవరికి చెప్పగలను? ఒక మధ్యాహ్నం బోటు ఖాళీగా ఉన్నప్పుడు సువార్త నాకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పబోయింది. నా చేతులు వణికాయి. అప్పుడు చెప్పాను. ఆమె నవ్వలేదు. నా చేతుల మీద తన చేతులు పెట్టి బోటును ఒడ్డుకు తెచ్చింది. "ఎవ్వలకు చెప్పనక్కా" అంది.

మూడో ఏడు కాంట్రాక్టరు కోదాడ చెరువులో కూడా బోటు దింపుతానన్నాడు. పెద్దది, కొత్తరకం లిథియం బ్యాటరీలది. దానికి సూపర్‌వైజర్ కావాలి. ముందు ట్రైనింగ్‌కు పంపిస్తారు. వయసులో పెద్దదాన్ని, బ్యాటరీల పని తెలిసినదాన్ని, నన్నే పంపుతారని అందరూ అనుకున్నారు. సువార్త కూడా అంది. "నువ్వు పో అక్కా. ఈ బోటు నేను సూస్కుంట" అంది. నా పేరు కాగితం మీద కూడా ఎక్కిందని మేనేజరు చెప్పాడు. కోదాడలో ఇల్లు ఎక్కడ తీసుకోవాలా అని కూడా ఆలోచించాను. అంత దూరం వెళ్లింది నా మనసు.

హోళీ అయిన వారం మేనేజరు నన్ను పిలిచాడు. ఆయన కోదాడ వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. "మీకు నీళ్లంటే భయమంట కదమ్మా. స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణుకుతాయంట. సువార్త చెప్పింది. రేపు ఏదన్నా అయితే మాకు మాట వస్తుంది. ఆ అమ్మాయినే పంపిద్దామనుకుంటున్నాం" అన్నాడు.

నేను సరే సార్ అన్నాను. బయటికి వచ్చేసరికి సువార్త జెట్టీ మీద ఎవరో ముసలాయనకు చెయ్యందించి బోటు ఎక్కిస్తోంది. నన్ను చూసి నవ్వింది. రోజూ నవ్వినట్టే నవ్వింది. ఆ నవ్వే నాకు కాలింది. చెప్పిందన్న దానికంటే, చెప్పి కూడా అలా నవ్వగలిగిందన్నది. ఆ రోజు ఆమె తెచ్చిన కూర తిన్నాను. రుచి తెలియలేదు. ఏమైందక్కా అని అడిగింది. తలనొప్పి అన్నాను. ఎందుకు అడగలేదు ఆమెను? ఎదురుగా నిలబెట్టి ఎందుకిట్ల చేసినవ్ అని ఒక్క మాట అడిగి ఉంటే ఆమె ఏడ్చేదేమో, దబాయించేదేమో. ఏదో ఒకటి జరిగి తెగిపోయేది. నేను అడగలేదు. అడిగితే నా కోపం తగ్గిపోతుందని భయపడ్డానా? ఆ కోపం నాకు కావలసి వచ్చిందా? అవుననే అనిపిస్తుంది ఇప్పుడు.

కోదాడ వెళ్లేలోగా అలవాటు కావాలని, బ్యాటరీల పని కూడా సువార్తనే చూడమన్నారు. రిజిస్టర్‌లో సంతకం ఆమెదే. నన్ను టికెట్ గదిలో కూర్చోబెట్టారు. డిస్టిల్డ్ వాటర్ క్యాను మాత్రం ఆ గదిలోనే, నా కుర్చీ వెనకే ఉండేది.

ఒకరోజు ఆ క్యాను ఖాళీ అయింది. కొత్త నీళ్లు తేవలసింది నేనే. నేను గది వెనక బోరు పంపు దగ్గరికి వెళ్లి క్యాను నింపాను. మూత బిగించాను. ఎక్కడుందో అక్కడే పెట్టాను.

మొదటిసారి అటూ ఇటూ చూశాను. ఒంటి నిండా కోపం ఉంది. రెండోసారి కోపం అంత లేదు. మూడోసారికి అదొక పని, అంతే. ఎండలు ముదిరాయి, బ్యాటరీలు నీళ్లు ఎక్కువగా తాగేవి. మొత్తం తొమ్మిదిసార్లు నింపాను. ప్రతిసారీ సువార్త వచ్చి క్యాను తీసుకెళ్లి, నేను నేర్పినట్టే ఒక్కొక్క మూతా తీసి, ఒలకకుండా, గరాటు పెట్టి పోసేది. నేను టికెట్ కిటికీలోంచి చూసేదాన్ని. ఆమె చేతుల్లో తప్పు వెతకడానికి ఏమీ లేదు. అంత శుభ్రంగా చేసేది.

నేను కోరుకున్నదేమిటి? బోటు మందగించాలి. ఆఫీసులో ఆమె నాలుగు మాటలు పడాలి. ఈమెకు చేతకాదు, పెద్దామెనే పంపుదాం అని వాళ్లకు అనిపించాలి. అంతే కోరుకున్నాను. ఒట్టు. కానీ బోటులో మనుషులు కూర్చుంటారన్న సంగతి నాకు తెలియదా? ఆ టికెట్లు చింపి ఇచ్చింది నేనే కదా.

పగలంతా ఎండ పలకల మీద పడుతుంది కాబట్టి మీటరు బాగానే చూపించేది. వానాకాలం దగ్గరపడ్డాక ఒక సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. దుమ్ము లేచింది. బోటు నడి చెరువులో ఉంది. పద్దెనిమిది మంది ఉన్నారు. సువార్త ఒడ్డు వైపు తిప్పింది. కొంత దూరం వచ్చి బోటు ఆగిపోయింది. పలకలకు ఎండ లేదు, బ్యాటరీల్లో బలం లేదు. గాలి బోటును కట్ట రాళ్ల వైపు నెట్టుకుపోతోంది. నేను జెట్టీ మీద నిలబడి చూస్తున్నాను. లోపలి అరుపులు గాలికి సగం సగం వినిపిస్తున్నాయి.

సువార్త అందరినీ కూర్చోబెట్టింది. లైఫ్ జాకెట్ల తాళ్లు బిగించింది. గడకర్ర తీసుకుని ముందు నిలబడి రాళ్లకు అడ్డం పెట్టింది. గడ విరిగింది. అప్పుడు చెయ్యి పెట్టింది. బోటుకూ రాయికీ మధ్య ఆమె కుడిచేతి రెండు వేళ్లు నలిగిపోయాయి. ఆ ఒక్క క్షణం ఆగినందుకే బోటు మెల్లగా తగిలింది. పద్దెనిమిది మందీ కట్ట ఎక్కారు. ఎవరికీ గీత కూడా పడలేదు.

మర్నాడు బ్యాటరీలు విప్పారు. తెలిసిన మెకానిక్‌ను పిలిపించారు. అన్ని బ్యాటరీల లోపలి గదుల్లో అడుగున తెల్లటి మడ్డి. క్యాన్‌లో నీళ్లు చేతిలో పోసుకుని నాలుక మీద వేసుకున్నాడు. బోరు నీళ్లు అన్నాడు. కాంట్రాక్టరు, మేనేజరు, పనివాళ్లం అందరం షెడ్డులో నిలబడ్డాం. సువార్త దవాఖాన నుంచి చేతికి కట్టుతో వచ్చింది.

"ఈ నీళ్లెవరు పోసిన్రు?" అన్నాడు కాంట్రాక్టరు.

"నేనే పోసిన సార్" అంది సువార్త. "బోటు కడిగే నీళ్ల క్యాను, గిది ఒక్క తీరుగుంటయ్. యాడనో మారింది. సూస్కోలే."

"సూస్కోలేదా? పద్దెనిమిది మంది పాణాలు తీస్తుంటివి గద!"

ఆయన ఇంకా చాలా అన్నాడు. ఆ మాటలు ఇక్కడ రాయను. మిల్లులో ఊడ్చుకునేదాన్ని తెచ్చి బోటు ఎక్కిస్తే ఇంతే అన్నదాకా వచ్చాడు. సువార్త తల దించుకుని నిలబడింది. ఆమె వేళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నా పక్కన మనిషి ఊపిరి తీసిన చప్పుడు కూడా వినిపించేంత దగ్గరగా నిలబడి ఉన్నాం. ఒక్క మాట చాలు. నేను కింద నా చెప్పుల వైపు చూస్తున్నాను.

పని నుంచి తీసేశారు. ఆమె గది ఖాళీ చేసి మిర్యాలగూడ బస్సు కోసం నిలబడి ఉంటే మూట అందించడానికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ తెలియదు. బస్సు వచ్చేలోపు ఆమె అన్న మాటలు ఒక్కటి కూడా మరిచిపోలేదు.

"అక్కా, నీతోని ఒక మాట చెప్పాలె. నీకు నీళ్లంటే భయమని మేనేజరుతోని చెప్పింది నేనే."

"నాకెర్కే" అన్నాను.

"ఎర్కేనా? మరి నన్ను అడగకపోతివి?"

నేను మూట ముడి బిగించాను.

"కోదాడ బోటు మీద నాకు మస్తు ఆశపుట్టిందక్కా. నీ పేరు రాసిన్రని తెల్సి ఓర్వలేకపోయిన. నువ్వు నన్ను నమ్మి చెప్పినవ్. గదే తీస్కపోయి నీ మీద చెప్పిన. అందుకే దేవుడు నా చేత్తోనే గిట్ల చేయించిండు. నువ్వన్నీ మంచిగ నేర్పినవ్. నీళ్లు గూడ సూస్కోకుండ పోసిన. నీ పేరు గూడ చెడగొట్టిన. నన్ను మాఫ్ చెయ్యక్కా."

ఆమె నా కాళ్ల మీదికి వంగబోయింది. నేను భుజాలు పట్టుకుని ఆపాను.

"పోనీలే సువార్తా. అయిందేదో అయింది" అన్నాను.

ఈ మాట మీకు అర్థమైందా? ఆమెను నేను క్షమించాను. బస్టాండులో, నలుగురి ముందు, పెద్దమనిషిలాగా. ఆమె చేసింది ఆమె మూడు నిమిషాల్లో చెప్పేసింది. నేను చేసింది చెప్పడానికి అదే చోటు, అదే సమయం. బస్సు కూడా ఆలస్యంగానే వచ్చింది.

కోదాడ బోటు నాకు ఇచ్చారు. ఇంకెవరికిస్తారు? ఆరేళ్లుగా అక్కడే చేస్తున్నాను. లిథియం బ్యాటరీలకు నీళ్లు పోసే పని లేదు. ఎంత ఛార్జి ఉందో ఫోన్‌లో కనిపిస్తుంది. అందరూ నన్ను గౌరవంగా మేడమ్ అంటారు. బోటు ఒడ్డు వదలగానే ఇప్పటికీ అరచేతులు చెమట పడతాయి, ఏదో ఒకటి గట్టిగా పట్టుకుంటాను. సువార్త చెప్పింది నిజమే కదా. నిజాన్ని చెప్పినందుకే ఆమెను ద్రోహి అనుకున్నాను. నమ్మి చెప్పిన మాట బయటపెట్టింది కాబట్టి ద్రోహమే. కాదనను. ఇప్పటికీ తలచుకుంటే లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. కానీ మోసపోయిన మనిషికి ఏదైనా చేసే హక్కు వస్తుందనుకున్నాను చూడండి, అక్కడ చెడిపోయాను. ఆమె నా ఉద్యోగం తీసుకోవాలనుకుంది. నేను ఆమె చేతుల మీద ఆమెకున్న నమ్మకం తీసేశాను. ఈ రెండోది నాకు నాలుగు నెలల కిందటే తెలిసింది.

ఆ రోజు మిర్యాలగూడలో అన్న దుకాణానికి వెళ్లాను. లోపలి గదిలో పాత బ్యాటరీల పక్కన కూర్చుని టీ తాగుతున్నాను. బయట ఎవరో ఆడమనిషి గొంతు. ఇంట్లో ఇన్వర్టర్‌కు నీళ్లు పోయాలి, మనిషిని పంపమని అడుగుతోంది. అన్న నవ్వి, ఐదు నిమిషాల పని దానికి మనిషెందుకమ్మా, క్యాను తీసుకెళ్లి నువ్వే పోసుకో అన్నాడు.

"వద్దన్నా. నా చేత్తోని పోస్తే మంచిగుండదు" అంది సువార్త.

మామూలుగా అంది. తన ఊరి పేరు చెప్పినంత మామూలుగా. మళ్లీ మిల్లుకే వెళ్తోందని, రెండు వేళ్లు సరిగ్గా ముడవలేకపోతోందని ఆమె వెళ్లాక అన్న చెప్పాడు. నేను గదిలోంచి బయటికి రాలేదు. టీ చల్లారిపోయింది.

నాలుగు నెలలు పట్టింది ఆ తర్వాత. మొన్న ఆదివారం మాడుగులపల్లి వెళ్లాను. ఆమె చర్చి నుంచి అప్పుడే వచ్చింది. నన్ను చూసి సంబరపడింది. కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. గ్లాసు పట్టుకునే చెప్పేశాను. క్యాన్‌లో బోరు నీళ్లు నింపింది నేను, నువ్వు కాదు, కావాలనే నింపాను అన్నాను. ఇంతకాలం వెతికిన మాటలు అంత చిన్నవని అప్పుడే తెలిసింది.

ఆమె చాలాసేపు తన కుడిచెయ్యి చూసుకుంది.

"ఎన్ని మార్లు?" అంది.

"తొమ్మిది మార్లు."

"తొమ్మిది మార్లు నేను పోస్తుంటే సూసినవా?"

"చూసిన."

ఆమె లేచి నా చేతిలోని గ్లాసు తీసుకుంది. నేను ఒక్క గుటక కూడా తాగలేదు. "నాకెందుకు చెప్తున్నవ్? నన్ను నలుగుర్ల నిలబెట్టి తిట్టినోళ్లకు చెప్పు" అంది. అక్కా అని అనలేదు. లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. చప్పుడు కాకుండా వేసుకుంది.

మాఫ్ చెయ్యమని నేను అడగలేదు. అడిగే ముఖం లేక కాదు. అడిగితే ఆమె చెయ్యవలసిన పని ఇంకొకటి పెట్టినట్టవుతుందని. ఇది కూడా నాకు నేను చెప్పుకుంటున్న మంచి మాటేమో, నిర్ణయించలేకపోతున్నాను.

ఈ రోజు పొద్దున కోదాడ ఆఫీసులో మేనేజరుకు ఒక కాగితం ఇచ్చాను. అప్పటి మేనేజరే. ఐదు వాక్యాలు. కింద నా పేరు, సంతకం. ఆయన రెండుసార్లు చదివాడు. "ఇది నిజమేనా అమ్మా?" అన్నాడు. నిజమే సార్ అన్నాను. "సువార్తకు తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. కాంట్రాక్టరుకు పంపిస్తానన్నాడు. ఉద్యోగం ఉంటుందో, పోతుందో, కేసవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇంటికి వచ్చి, ఐదు వాక్యాల్లో పట్టనిదంతా మీకోసం ఇలా రాయడానికి కూర్చున్నాను. మధ్యలో అన్నకు కూడా ఫోన్ చేసి చెప్పాను.

సువార్త తలుపు తెరుస్తుందని ఎదురుచూడడం లేదు. ఆమె తెరవాల్సిన పని లేదు. ఇప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. ఆకలేస్తోంది. ఆదివారం నుంచి ముద్ద దిగలేదు. లేచి బియ్యం కడిగి పొయ్యి మీద పెడతాను.